పుస్తకము మూసి వ్రాయనిద్దాము

మన బిడ్డలు – మన బాధ్యత



సంఘములో ప్రార్థన విన్నపములు అడిగినప్పుడు ఎక్కువగా వినబడేది పిల్లల చదువును గూర్చిన విన్నపమే. "మా అమ్మాయి పదవ తరగతి పరీక్షలు వ్రాస్తున్నది, ప్రార్థించండి" అని తల్లి లేచి నిలువబడి అడుగుతుంది. కూలికి వెళ్లి, గేదెను మేపి, పాలు పోసి, ఆ డబ్బుతో ఫీజులు కట్టే కుటుంబములు మనవి. ఆ విన్నపములో ఎంత భారమున్నదో మనకు తెలుసు. అందుచేత పైసా ఖర్చు లేకుండ ప్రతి ఇంటిలోను వాడుకొనగలిగిన ఒక సాధనమును గూర్చి ఈ నెల మాటలాడుకొందాము. అది వ్రాత.

"మా పిల్లలు రోజంతా వ్రాస్తూనే ఉన్నారు గదా!" అని మీరు అనవచ్చును. నిజమే. బోర్డు మీద ఉన్నది వ్రాస్తారు. గైడులో ఉన్నది వ్రాస్తారు. ఈ మధ్య ఫోనులో అడిగి, వచ్చిన జవాబు వ్రాస్తారు. నోటు పుస్తకములు నిండుతున్నవి. అయితే పరీక్ష గదిలో జవాబులోని మొదటి మాట మరచిపోతే తక్కిన జవాబంతా ఆగిపోతున్నది. ప్రశ్నను కొంచెము త్రిప్పి అడిగితే "ఇది మాకు చెప్పలేదు" అంటున్నారు. పది తరగతులు చదివిన బిడ్డ, తండ్రి పింఛను కొరకు తహసీల్దారుగారికి నాలుగు వరుసల అర్జీ వ్రాయలేక ఆఫీసు ముందు వ్రాసిపెట్టే మనిషిని వెదకుకొనవలసి వస్తున్నది. చేతులు వ్రాస్తున్నవి గాని మనస్సు వ్రాయుట లేదు. సమస్య ఇక్కడ ఉన్నది.

మూడు రకముల వ్రాత

బడిలో వ్రాత మూడు విధములుగా ఉంటుంది. మొదటిది చూచివ్రాత. రెండవది చెప్పగా విని వ్రాయుట, అనగా ఉక్తలేఖనము. మూడవది సొంత వ్రాత; తాను గ్రహించినదానిని తన మాటలలో పెట్టుట. మొదటి రెండును అవసరమే. అక్షరము కుదురుగా రావడానికి, తప్పులు లేకుండ వ్రాయడానికి అవి కావలెను. అయితే పాఠము అర్థమైనదా లేదా అన్నది తేలేది మూడవ దానిలోనే. పుస్తకము మూసి, "నీకు తెలిసినది నీ మాటలలో వ్రాయి" అన్నప్పుడు బిడ్డ తన మనస్సులో వెదకుకొనాలి. ఏది ముందు, ఏది తరువాత, ఏది కారణము, ఏది ఫలితము అని వరుస పెట్టుకొనాలి. తనకు ఎక్కడ తెలియదో అక్కడ కలము ఆగుతుంది. ఆ ఆగిన చోటనే నేర్చుకొనవలసినది ఉన్నది. చూచివ్రాతలో కలము ఎక్కడా ఆగదు. అందుచేత తెలియనిది తెలియనట్లే మిగిలిపోతుంది.

ఈ సంగతిని విద్యావేత్తలు చాలా కాలముగా చెప్పుచున్నారు. ఇంగ్లాండులో 1975లో వెలువడిన బులక్ కమిటీ నివేదిక, భాష అనేది భాషా ఉపాధ్యాయుని ఒక్కని పని కాదనియు, ప్రతి పాఠశాల అన్ని పాఠ్యాంశములలో భాష విషయమై ఒక పద్ధతి ఏర్పరచుకొనవలెననియు చెప్పింది. 1977లో అమెరికాకు చెందిన జానెట్ ఎమిగ్ అనే విద్యావేత్త, వ్రాత నేర్చుకొన్నది చూపించే సాధనము మాత్రమే కాదు, నేర్చుకొనే విధానము కూడా అని వివరించింది.

తరువాత పరీక్షించి చూచినవారు కూడా ఉన్నారు. 2006లో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు అమెరికా శాస్త్రజ్ఞులు విద్యార్థులకు ఒక పాఠమిచ్చి, కొందరిని మరల చదువుకొమ్మన్నారు. కొందరిని పుస్తకము మూసి జ్ఞాపకమున్నదంతా వ్రాయమన్నారు. 5 నిమిషముల తరువాత చూస్తే మరల చదివినవారే ముందున్నారు. ఒక వారము తరువాత చూస్తే మూసి వ్రాసినవారు ముందున్నారు. మన పిల్లలు "చదివినప్పుడు వచ్చింది, పరీక్షలో పోయింది" అని చెప్పే మాటకు కారణము దీనిలో కనబడుతుంది. 2020లో గ్రహామ్ అనే విద్యావేత్త, ఆయనతో పనిచేసినవారు కలిసి 56 ప్రయోగములను ఒక్కచోట చేర్చి పరిశీలించారు. విజ్ఞానశాస్త్రము, సాంఘికశాస్త్రము, గణితము మూడింటిలోను వ్రాత వలన నేర్చుకొనుట మెరుగుపడుతుందని తేలింది. ఆ మేలు ఆకాశమంత పెద్దది కాదు, మోస్తరుదే. అయితే ఒక కాగితము, ఒక కలముతో వచ్చే మేలు అది.

లేఖనములలో వ్రాత

దేవుని వాక్యము చదివే మనకు ఇది కొత్త సంగతి కాదు. ఇశ్రాయేలు రాజు సింహాసనమెక్కిన తరువాత ధర్మశాస్త్రపు ప్రతిని తన కొరకు వ్రాసికొని, దానిని తనయొద్ద ఉంచుకొని, బ్రదుకు దినములన్నిటను చదువవలెనని ద్వితీయోపదేశకాండము 17వ అధ్యాయములో ఆజ్ఞ ఉన్నది. రాజుకు లేఖకులు దొరకరా? ఆయినను ఆ ప్రతి ఆయన కొరకు సిద్ధము కావలెను, ఆయన దానిని దినదినము చదివి నేర్చుకొనవలెను. వ్రాత అక్కడ అలంకారము కాదు. నేర్చుకొనుటకు, విధేయతకు మార్గము.

లూకా సువార్త మొదటి నాలుగు వచనములు చూడండి. లూకా కన్నులార చూచినవారి మాటలు సేకరించి, మొదటి నుండి అన్నిటిని తరచి పరిశోధించి, వరుసగా వ్రాశాడు. ఎందుకు? తెయొఫిలు తాను విన్న సంగతులు నిశ్చయమైనవని తెలిసికొనుటకు. వినుట, విచారించుట, వరుస పెట్టుట, మరియొకనికి తేటగా చెప్పుట – మంచి విద్యార్థి చేయవలసిన నాలుగు పనులు అక్కడ ఉన్నవి.

కమ్మరివాని కుమారుడు

1791లో లండను దగ్గర ఒక బీద కమ్మరి ఇంట మైఖేల్ ఫారడే జన్మించాడు. బడి చదువు కొద్దిగానే దొరికింది. 14వ ఏట పుస్తకములు కుట్టి అట్టలు వేసే దుకాణములో పని నేర్చుకొనుటకు చేరాడు. అట్ట వేయుటకు వచ్చిన పుస్తకములనే చదువుకొనేవాడు. ఆ రోజులలో అతనికి దొరికిన పుస్తకములలో ఒకటి మనస్సును మెరుగుపరచుకొనుటను గూర్చి ఐజాక్ వాట్స్ వ్రాసినది. అనేక క్రైస్తవ కీర్తనలు రచించిన ఆ ఐజాక్ వాట్సే దానిని 1741లో ప్రచురించాడు. చదివినది, విన్నది వ్రాసికొనే అలవాటును ఫారడే ఆ సలహాలను బట్టి పెంచుకొన్నాడు.

1812లో హంఫ్రీ డేవీ అనే గొప్ప రసాయన శాస్త్రజ్ఞుని ఉపన్యాసములు వినే అవకాశము అతనికి దొరికింది. ఫారడే విన్నది గుర్తు వ్రాసికొని, ఇంటికి వచ్చి, వివరముగా తిరిగి వ్రాసి, బొమ్మలు గీసి, తన చేతితోనే పుస్తకముగా కుట్టి డేవీకి పంపాడు. 1813లో రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో డేవీకి సహాయకునిగా ఉద్యోగము దొరికింది. 1831లో అతడు కనుగొనిన విద్యుదయస్కాంత ప్రేరణ సూత్రము మీదనే నేటి విద్యుత్తు జనరేటర్లు పనిచేస్తున్నవి. ప్రయోగములు చేసినప్పుడు ఫలించినది, ఫలించనిది కూడా అంకెలు వేసి దినచర్యలో వ్రాసుకొనేవాడు. ఆ పేరాల లెక్క 16,000 దాటింది. ఆయన సాండిమేనియన్ అనే చిన్న సంఘములో భక్తిగల విశ్వాసి. పెద్దగా కూడా సేవ చేశాడు. వ్రాసినవారందరు ఫారడేలు అవుతారని మేము అనము. అయితే బడి అందని పిల్లవానికి వ్రాత ఒక బడిగా నిలిచిందని మాత్రము ధైర్యముగా చెప్పవచ్చును.

ఏ పాఠమునకు ఏ వ్రాత?

గణితము: గణితములో వ్రాయడానికి ఏమున్నదని అనుకొంటాము. ముప్పాతికకు సగము కలుపుమంటే, అనగా 3/4కు 1/2 కలుపుమంటే, ఒక పిల్లవాడు పైవి పైవి, క్రిందివి క్రిందివి కలిపి 4/6 అని వేశాడనుకొందాము. ఎర్ర సిరాతో తప్పు పెడితే తప్పు అని తెలుస్తుంది గాని ఎందుకు తప్పో తెలియదు. "ఈ లెక్క ఎట్లా చేశావో రెండు వరుసలు వ్రాయి, పొలము పెట్టి సరిచూడు" అని చెప్పండి. ఎకరమునకు 100 సెంట్లు. ముప్పాతిక ఎకరము 75 సెంట్లు, అర ఎకరము 50 సెంట్లు. కలిపితే 125 సెంట్లు, ఎకరంపాతిక. వాడు వేసిన 4/6 అయితే 67 సెంట్లు కూడా నిండదు. "75 సెంట్ల చేనుకు ఇంకొక 50 సెంట్లు కలిపితే చేను తగ్గింది, ఇది కుదరదు" అని తన చేతితో వ్రాసిన బిడ్డ ఆ తప్పు మరల చేయడము కష్టము.

విజ్ఞానశాస్త్రము: రెండు గిన్నెలలో తడిగుడ్డ మీద పెసలు వేయించండి. ఒకటి వెలుతురు తగిలే చోట, ఒకటి చీకటి అలమరలో పెట్టి రెండింటికి సమానముగా తడి చూపించండి. ఒక వారము వరకు ప్రతి దినము మూడు గడులలో వ్రాయించండి: నేను చూచినది, దానికి కారణమని నేను అనుకొనుచున్నది, నాకు ఇంకా తెలియనిది. రెండు చోట్లా మొలకలు వస్తవి. చీకటిలోనివి పొడవుగా సాగి పసుపు రంగుగా పాలిపోతవి. వెలుతురులోనివి పొట్టిగా ఉండి పచ్చబడతవి. "మొలకెత్తడానికి వెలుతురు అక్కరలేకపోతే, పచ్చబడడానికి ఎందుకు కావలెను?" అని మూడవ గడిలో ఒక ప్రశ్న పుట్టిందంటే, కిరణజన్య సంయోగక్రియ పాఠము ఆ బిడ్డ అడిగి చదువుతాడు.

సాంఘికశాస్త్రము: తుపానులను గూర్చి పాఠము వచ్చినప్పుడు ఇంటిలోని పెద్దలను అడిగి వ్రాయమనండి. కృష్ణా తీరములో ఉన్నవారి ఇండ్లలో 1977 నవంబరు 19న వచ్చిన దివిసీమ ఉప్పెనను చూచిన నాయనమ్మలు, తాతలు ఇంకా ఉన్నారు. మెట్ట ప్రాంతములవారు కరువును, ఊరి చెరువును గూర్చి అడుగవచ్చును. తాత చెప్పినది ఒక పక్క, పుస్తకము చెప్పినది ఒక పక్క వ్రాసి, ఎక్కడ కలుస్తవో ఎక్కడ కలవవో చూడమనండి. పెద్దలకు గౌరవము, పిల్లలకు చరిత్ర రెండును దొరుకుతవి.

భాష: గ్రామ కార్యదర్శిగారికి వీధి దీపమును గూర్చి అర్జీ, దూరములో పనికి వెళ్లిన అన్నయ్యకు ఉత్తరము, నెల ఖర్చుల జాబితా – ఇవన్నీ వ్రాతలే. ఇంటికి అవసరమైన పనిని బిడ్డ చేతికి ఇస్తే, తన చదువు ఇంటికి పనికి వచ్చిందన్న సంతోషము వాడికి కలుగుతుంది.

ఇంగ్లీషు మీడియములో చదివే పిల్లల విషయములో ఒక మాట. పాఠము ఇంగ్లీషులో ఉన్నా, అర్థమైనది ముందుగా తెలుగులో వ్రాయనివ్వండి. ఆలోచన తేటపడిన తరువాత దానిని ఇంగ్లీషులో పెట్టడము సులువు. ఇంగ్లీషు మాటలే దొరకనప్పుడు బిడ్డ చేయగలిగినది బట్టీపట్టడమే. 2020 తరువాత మన రెండు రాష్ట్రాల ప్రభుత్వ బడులకు ఒక పుటలో ఇంగ్లీషు, ఎదుటి పుటలో తెలుగు ఉన్న పుస్తకములు అనేక తరగతులకు వచ్చినవి. తెలుగు పుట ఊరకనే ఉండనియ్యక వాడుకొనండి.

ఉపాధ్యాయులకు మనవి

"తరగతిలో 50 మంది ఉన్నారు, అందరి వ్రాతలు దిద్దడము ఎట్లా?" అని ఉపాధ్యాయులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. అయితే ప్రతి వ్రాతను దిద్దవలసిన పని లేదు. పాఠము ముగిసే ముందు 5 నిమిషములు ఇచ్చి, "ఈ దినము తెలిసినది ఒకటి, తెలియనిది ఒకటి" అని చిన్న కాగితము మీద వ్రాయించండి. అందులో ఓ పది కాగితములు చదివితే చాలు, రేపు ఏది మరల చెప్పవలెనో మీకు తెలుస్తుంది. నేర్చుకొనుటకు వ్రాసే వ్రాతలో ఒత్తులు, దీర్ఘములు లెక్కపెట్టకండి. తప్పులు లేని వ్రాతకు వేరొక దినము పెట్టుకొనవచ్చును. మొదటి వరుసలోనే ఎర్ర సిరా పడితే బిడ్డ తనకు తెలిసిన తప్పులేని మాటలే వ్రాస్తాడు గాని తన ఆలోచన వ్రాయడు.

మరియొక మనవి. అల్లరి చేసినందుకు ఒకే వాక్యమును నూరుసార్లు వ్రాయమని ఇంపోజిషన్ ఇచ్చే అలవాటు ఇంకా కొన్ని చోట్ల ఉన్నది. దయచేసి వ్రాతను శిక్షగా వాడకండి. శిక్షగా నేర్చుకొన్న పనిని ఎవరూ ప్రేమించరు.

సమైక్య ఆంధ్రప్రదేశ్‌లో 2011 తరువాత పాఠ్యపుస్తకములు మారినప్పుడు, పిల్లలు సొంతముగా వ్రాసే రాత అంశములకు మార్కులు ఏర్పరచారు. ఉద్దేశము మంచిది. అయితే సొంతముగా వ్రాయవలసిన జవాబులు కూడా అచ్చువేసిన గైడులలో దొరకసాగినవి. వాటిని చూచి వ్రాసినవారికీ మార్కులు పడినవి. పద్ధతి మారినా, చూచివ్రాతకు మార్కులు ఇచ్చినంత కాలము పిల్లలు చూచివ్రాతే వ్రాస్తారు. వంకరగా ఉన్నా సొంత జవాబును మెచ్చుకొనే ఉపాధ్యాయుడే దీనిని మార్చగలడు.

మాకు చదువు రాదు, మేమేమి చేయగలము?

ఇది చాలామంది తల్లుల మాట. అమ్మా, మీకు చదువు రాకపోవుట ఇక్కడ అడ్డు కాదు. బిడ్డ వ్రాసినది మీకు చదివి వినిపించమనండి. మీరు మూడు ప్రశ్నలు అడగండి: "అంటే ఏమిటి? అది ఎందుకు అట్లా అవుతుంది? మన ఇంట్లోనో చేలోనో అట్లాంటిది ఏమున్నది?" అంతా తెలిసినవారికి చెప్పేటప్పుడు బిడ్డ సగము మాటలు మ్రింగివేయవచ్చును. మీకు చెప్పేటప్పుడు ఒక్కటీ మ్రింగడానికి వీలులేదు. మీకు అర్థమయ్యేవరకు చెప్పగలిగితే ఆ పాఠము వాడికి వచ్చినట్లే. చెప్పలేకపోతే కోపపడకండి, పక్క పిల్లలతో పోల్చకండి. "రేపు సారును అడిగి వచ్చి నాకు చెప్పు నాయనా" అనండి. ఆ ప్రశ్నతో బడికి వెళ్లే బిడ్డ ఆ దినము పాఠము చెవి పెట్టి వింటాడు.

ఆడపిల్లల విషయము ప్రత్యేకముగా చెప్పుచున్నాము. బడి నుండి రాగానే అంట్లు, నీళ్లు, తమ్ముని ఆలనాపాలనా వారి మీద పడతవి. ఒక పావుగంట ఆమెను కదిలించకుండ కూర్చుండనివ్వండి. ఆ పావుగంట అన్నదమ్ములు పని అందుకొంటే ఇంటికి ఏ నష్టమూ రాదు.

అక్షరములు తారుమారు చేసే పిల్లలు, ఎంత ప్రయత్నించినా వ్రాయలేని పిల్లలు కొందరు ఉంటారు. వారు సోమరులని అనుకొనకండి. వారిని బొమ్మ గీయనివ్వండి, నోటితో చెప్పనివ్వండి, వారు చెప్పినది ఒకరు వ్రాసిపెట్టండి. ఉపాధ్యాయునితో మాటలాడి, అవసరమైతే వైద్యునికి చూపించండి.

ఈ నెల చేయదగినది

ఒక్కొక్క బిడ్డకు ఒక పాత నోటు పుస్తకములో మిగిలిన తెల్ల కాగితములు కుట్టి ఇవ్వండి. మొదటి వారము దినమునకు ఒక పాఠము, పుస్తకము మూసి 5 వరుసలు. రెండవ వారము వ్రాసిన తరువాత పుస్తకము తెరచి, విడిచినవి వేరొక రంగు కలముతో చేర్చడము. మూడవ వారము వ్రాసినది ఇంటిలో చదివి వినిపించడము. నాల్గవ వారము మొదటి వారపు పాఠమునే మరల మూసి వ్రాసి, రెండింటిని పక్కపక్కన పెట్టి చూడడము. మొదట్లో రెండు వరుసలకంటె రావు. "ఏమి వ్రాయాలి?" అని కూర్చుంటారు. ఓర్చుకొనండి, విత్తిన మరునాడే ఎవరూ కోత కోయరు.

ఆదివారపు బడిలో కూడా కథ ముగిసిన తరువాత పిల్లలను మూడు వరుసలు వ్రాయనివ్వండి: నేను విన్నది, నాకు అర్థము కానిది, ఈ వారము నేను చేయదలచినది. పెద్దలు ప్రసంగము వినేటప్పుడు వ్రాసికొంటే పిల్లలు చూచి నేర్చుకొంటారు.

కుటుంబ ప్రార్థనలో "ప్రభువా, మా బిడ్డకు మంచి మార్కులు రానిమ్ము" అని అడుగుటతో పాటు, "తెలియనిది తెలియదని చెప్పే ధైర్యము, తెలిసినది తన మాటలలో చెప్పే జ్ఞానము ఇమ్ము" అని కూడా అడుగుదాము. గైడు చెప్పినది వల్లించే బిడ్డ రేపు ఎవరు ఏమి చెప్పినా వల్లిస్తాడు. తరచి చూచి, నిజమైనది ఏర్పరచుకొని, తేటగా చెప్పగల బిడ్డ ఇంటికి, సంఘమునకు, ఊరికి ఆసరాగా నిలుస్తాడు. జ్ఞానమునకు మూలమైన దేవుడు మన బిడ్డల చేతులను, మనస్సులను దీవించును గాక. ఆమేన్.